జాతి వేర్పాటు చట్టాల్ని పిల్లలకి చెప్పాలంటే బస్సు టికెట్టుతో మొదలెట్టండి

కొన్నేళ్ళ కిందట వేసవిలో మా ఊరి గ్రంథాలయం అరుగు మీద (ఆమదాలవలసకి దగ్గరే మా ఊరు) పదో తరగతి పిల్లలకి సాయంత్రాలు సోషల్ చెప్పాను. ఒకరోజు దక్షిణాఫ్రికా జాతి వేర్పాటు పాఠానికి బోర్డు మీద ‘అపార్థైడ్’ అని రాయగానే వెనక నుంచి ఒక గుంటడు, “ఏటి సార్, అపార్థం చేసుకోడమా?” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గంటసేపు పాఠం చెప్పి, ఏం అర్థమైందని అడిగితే తేలిందేమిటంటే, నిజంగానే అపార్థమే మిగిలింది. “తెల్లోళ్ళు చెడ్డోళ్ళు సార్, గాంధీగారిని రైల్లోంచి తోసేశారు, మండేలా జైలుకెళ్ళాడు, తర్వాత అంతా బాగుపడిపోయింది.” నాలుగు ముక్కల్లో తేల్చేశారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పినవాడిది.

తర్వాత రెండేళ్ళు రకరకాలుగా చెప్పి చూశాక ఒక పద్ధతి కుదిరింది. టీచర్లకైనా, ఇంట్లో పిల్లలకి చెప్పుకునే అమ్మానాన్నలకైనా, ట్యూషన్ చెప్పుకునే కుర్రాళ్ళకైనా పనికొస్తుందని రాస్తున్నాను. రెండు సాయంత్రాలు చాలు. కావలసినవి: సుద్దముక్క, పాత నోటుబుక్కు, వంద జీడిపిక్కలు. మన వైపు వేసవిలో జీడిపిక్కలకి కరువేముంది, పిల్లల జేబుల్లోనే దొరుకుతాయి.

ముందు నేను చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకండి

మొదటిసారి నాటకం వేయిద్దామనుకుని, కాస్త చామనఛాయగా ఉన్న పిల్లల్ని నల్లవాళ్ళుగా, తెల్లగా ఉన్నవాళ్ళని తెల్లవాళ్ళుగా పెట్టాను. అప్పుడు నాకది తప్పనిపించలేదు. నాటకం బాగానే జరిగింది, చప్పట్లు కూడా కొట్టారు. కానీ నల్లవాడి వేషం వేసిన పిల్లాడిని నెల రోజులపాటు బడిలో ‘ఆఫ్రికా’ అని పిలిచారట. నాకు వాళ్ళమ్మగారు వచ్చి చెప్పేదాకా తెలీదు. వివక్ష గురించి పాఠం చెబుతూ నేనే ఒకటి తయారుచేసి పెట్టాను.

కాబట్టి వేషాలు చీటీలేసి పంచండి. ఒంటి రంగు చూడొద్దు, ఎవరు ఏ వీధి నుంచి వచ్చారో అసలే చూడొద్దు. చీటీ వల్ల ఇంకో లాభం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇంకొకటి, పాత పుస్తకాల్లో ‘నీగ్రోలు’ అని కనిపిస్తుంది, ఆ మాట ఇప్పుడు వాడరు. నల్లజాతీయులు అనండి, అమెరికా సంగతైతే ఆఫ్రికన్ అమెరికన్లు అనండి. ‘అపార్థైడ్’ దక్షిణాఫ్రికా తెల్లవాళ్ళలో చాలామంది మాట్లాడే ఆఫ్రికాన్స్ భాషలో మాట, వేరువేరుగా ఉండటం అని అర్థం.

మొదటి సాయంత్రం: బస్సు

నేల మీద సుద్దతో బస్సు గీయండి. ముందు తలుపు, వెనక తలుపు, మొత్తం 36 సీట్లు. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో ఎక్కి పలాస వెళ్ళే బస్సు అనుకోమనండి, తర్వాత దాన్ని 1955 నాటి అమెరికాకి, అలబామా రాష్ట్రంలో మాంట్‌గోమరీ అనే ఊరికి తీసుకెళ్ళండి. చీటీల్లో సగం మందికి సున్నా (తెల్లవాళ్ళు), సగం మందికి అడ్డగీత (నల్లవాళ్ళు) వస్తుంది. ఇప్పుడు నియమాలు చదవండి, మెల్లగా, ఒక్కోటీ చేయిస్తూ. ముందున్న 10 సీట్లు సున్నా వాళ్ళవి. అవి ఖాళీగా ఉన్నా, గీత వాళ్ళు నిలబడి వేలాడాల్సిందే గానీ కూర్చోకూడదు. గీత వాళ్ళు ముందు తలుపు దగ్గర డ్రైవర్‌కి డబ్బులిచ్చి, కిందికి దిగి, బస్సు పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి వెనక తలుపులోంచి ఎక్కాలి. ఇది తప్పకుండా చేయించండి. డ్రైవర్ వేషం వేసినవాడికి చెవిలో చెప్పి ఉంచండి, ఒకళ్ళిద్దరు వెనక్కి నడుస్తుండగానే బస్సు పోనిచ్చేయమని. అక్కడ అలా జరిగేది. డబ్బులు పోయి, బస్సూ పోయి, సుద్దగీత బయట నిలబడ్డ పిల్లకి వచ్చే కోపం ఉంటుంది చూడండి, అది మీరు వంద మాటలు చెప్పినా రాదు. “మరి నా డబ్బులేవి సార్?” అని అడిగింది మా దగ్గర ఒక పిల్ల. ఆ ప్రశ్నని బోర్డు మీద రాసి ఉంచండి, తర్వాత పనికొస్తుంది. (ఇప్పుడు ఆడపిల్లలకి మన బస్సుల్లో జీరో టికెట్టు కదా, “మాకు డబ్బులెందుకు సార్” అంటారు. ఈ బస్సులో అందరికీ టికెట్టే అని ముందే చెప్పేయండి.)

మధ్య సీట్లలో గీత వాళ్ళు కూర్చోవచ్చు, సున్నా వాళ్ళకి కావలసి వచ్చేదాకానే. ఇక్కడ రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ సంగతి చెప్పండి. 1955 డిసెంబర్ 1న ఆమె కూర్చున్నది తెల్లవాళ్ళ సీట్లో కాదు, ఇలాంటి మధ్య వరసలో. చాలామంది ఇది తప్పుగా చెబుతారు. బస్సు నిండింది, ఒక్క తెల్లాయన నిలబడి ఉన్నాడు. ఒకే వరసలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కూర్చోకూడదు కాబట్టి ఒక్కడి కోసం నలుగురు లేవాలి. ముగ్గురు లేచారు, ఆమె లేవలేదు, అరెస్టు చేశారు. ఆ ఏడాది మార్చిలోనే క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కూడా ఇలాగే లేవనంటే పోలీసులు పట్టుకెళ్ళారు. పదిహేనేళ్ళు అని చెప్పినప్పుడు మీ ముందున్న పిల్లల మొహాలు చూడండి, వాళ్ళ వయసే అది.

ఇక్కడ ఒక ప్రశ్న కచ్చితంగా వస్తుంది: “మన బస్సులో కూడా ‘స్త్రీలకు’ అని రాసుంటుంది కదా సార్, అదీ వేరు చేయడమేనా?” మంచి ప్రశ్న, కసురుకోవద్దు. మన బస్సులో ఆ సీట్లు తోపులాటలో ఆడవాళ్ళకి చోటు దొరకాలని పెట్టినవి, వాళ్ళు మిగతా సీట్లలో ఎక్కడైనా కూర్చోవచ్చు. అక్కడ గీత గీసింది ఎవరికీ చోటు ఇవ్వడానికి కాదు, వీళ్ళు ఆ గీత దాటకుండా చూడటానికి.

చట్టం అనే ముక్క దగ్గర ఆగండి

నేను మొదట్లో వదిలేసింది ఇదే, అసలు పాఠం కూడా ఇదే. మనిషికి మనిషి పడకపోవడం ఒకటి. పడినా పడకపోయినా సరే విడిగానే కూర్చోవాలని గెజిట్‌లో వేయడం వేరొకటి. రెండోదాంట్లో కండక్టరు మంచివాడైనా లాభం లేదు. అమెరికాలో లూసియానా రాష్ట్రం 1890లో రైలు పెట్టెల్ని వేరుచేస్తూ చట్టం తెచ్చింది. తప్పు పెట్టెలో కూర్చున్న ప్రయాణికుడికి 25 డాలర్ల జరిమానా, లేదంటే 20 రోజుల జైలు. తప్పు పెట్టెలో కూర్చోబెట్టిన రైలు ఉద్యోగికీ అదే శిక్ష. కంపెనీలకి కూడా ఈ చట్టం నచ్చలేదు, ఉత్తపుణ్యానికి అదనపు పెట్టెలు తగిలించాలి కదా మరి. అందుకే న్యూ ఆర్లీన్స్‌లో కొంతమంది ఈ చట్టాన్ని కోర్టుకి లాగాలని ప్లాన్ వేసినప్పుడు రైలు కంపెనీ లోపాయికారీగా సహకరించింది. 1892 జూన్ 7న హోమర్ ప్లెసీ అనే ఆయన తెల్లవాళ్ళ పెట్టె ఎక్కి కూర్చున్నాడు. ఆయన ముత్తాతలు, ముత్తవ్వలు ఎనిమిది మందిలో ఒక్కరే నల్లవారు. చూస్తే తెల్లవాడే. నేను ఫలానా అని ఆయనే చెబితేగానీ అరెస్టు చేయలేకపోయారు! చీటీల లాభం ఇక్కడ తెలుస్తుంది: “మొహం చూసి నీది సున్నానో గీతో చెప్పగలరా?” అని పిల్లల్ని అడగండి. చీటీ చూడందే ఎవరూ చెప్పలేరు.

ఆ కేసులో 1896లో సుప్రీంకోర్టు 7-1 తేడాతో ప్రభుత్వం వైపే నిలబడింది. సౌకర్యాలు సమానంగా ఉంటే వేరుగా ఉన్నా తప్పులేదంది. ఒప్పుకోని ఆ ఒక్క జడ్జి పేరు హార్లన్, బానిసల్ని ఉంచుకున్న కుటుంబంలోంచి వచ్చినవాడే. ఆ తీర్పు తప్పని, బడుల విషయంలో అదే కోర్టు తొమ్మిదిమందీ ఒక్కమాటగా చెప్పడానికి 1954 దాకా పట్టింది, 58 ఏళ్ళు.

తేదీలు గుర్తుండవని పిల్లలు మొత్తుకుంటారు కదా, ఇదొకటి గుర్తుంటుంది. ప్లెసీ రైలెక్కిన రోజు 1892 జూన్ 7. దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషన్లో గాంధీని ఫస్ట్ క్లాస్ పెట్టెలోంచి దించేసిన రోజు 1893 జూన్ 7. సరిగ్గా ఏడాది. జూన్ అంటే మనకి ఎండలు, అక్కడ చలికాలం. ఆ రాత్రి ఆయన ఓవర్‌కోటు సామాన్లలో ఉండిపోయింది, చలికి వణుకుతూ వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాడు. మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో సంక్రాంతి ముందు తెల్లవారుజాము రైలు కోసం కూర్చున్నవాళ్ళకి ఆ చలి గురించి విడిగా చెప్పక్కర్లేదు.

మనవాళ్ళూ ఉన్నారు అక్కడ

రంగం (రంగూన్) వెళ్ళిన తాతల కథలు మన వైపు ఇంటింటా వింటాం. దక్షిణాఫ్రికాలోని నేటాల్ సంగతి తక్కువ. 1860 నుంచి 1911 దాకా చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద అక్కడికి వెళ్ళిన భారతీయులు లక్షన్నర మంది. మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్ళూ ఉన్నారు. అప్పట్లో శ్రీకాకుళం పట్టణం గంజాం జిల్లాలోనే ఉండేది. వాళ్ళ మనవలు అక్కడ 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నిలబెట్టుకోవడానికి పాటుపడ్డారు. ఈ ముక్క చెప్పాక పిల్లలు పాఠాన్ని వేరేగా వింటారు, నేను గమనించాను.

1913లో అక్కడి కోర్టు ఒక తీర్పు ఇచ్చింది: క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చెల్లవని. అంటే తాళి కట్టించుకుని పాతికేళ్ళు కాపురం చేసిన మన అమ్మమ్మలు రాత్రికి రాత్రి కాగితం మీద పెళ్ళాలు కాకుండా పోయారు. అప్పటిదాకా ఇంటి గడప దాటని ఆడవాళ్ళు జైళ్ళకి వెళ్ళారు, కస్తూర్బా కూడా వెళ్ళింది. ఎందుకు వ్యతిరేకించారు అని పరీక్షలో ప్రశ్న వస్తే ‘అన్యాయం కనుక’ అని రాసి ఊరుకోకుండా ఇలాంటివి రాయమని చెప్పండి.

రెండో సాయంత్రం: జీడిపిక్కలు, నోటుబుక్కు

వంద జీడిపిక్కలు మధ్యలో పోయండి. ముప్ఫైమంది పిల్లలుంటే ఇరవైమందిని ఒక పక్కన కూర్చోబెట్టి, వాళ్ళకి ఏడు పిక్కలివ్వండి. దక్షిణాఫ్రికాలో 1913లో వచ్చిన భూమి చట్టం లెక్క దాదాపు అదే. జనాభాలో మూడింట రెండొంతులున్న ఆఫ్రికన్లకి దేశంలో సుమారు 7 శాతం భూమి. 1936లో దాన్ని 13 దాకా పెంచారు, ఇంకో ఆరు పిక్కలివ్వండి. కేప్ ప్రాంతం తప్ప మిగతా చోట్ల బయట భూమి కొనడానికి వీల్లేదు, కౌలుకి తీసుకోవడానికీ వీల్లేదు. ఈ ‘కౌలు’ అన్న మాట దగ్గర మా పిల్లలు తలెత్తారు. వాళ్ళలో సగం మంది ఇళ్ళు కౌలు మీదే నడుస్తాయి మరి. కౌలు పోతే ఏం చేస్తారంటే “వలసెళ్తాం సార్” అన్నారు, ఆలోచించకుండానే. అక్కడా అంతే, బంగారు గనులకి పోయారు, తెల్లవాళ్ళ పొలాల్లో కూలీలయ్యారు.

ఇప్పుడు నోటుబుక్కు. 1948లో తెల్లవాళ్ళ నేషనల్ పార్టీ గెలిచాక చట్టాలు వరసగా వచ్చాయి. తెల్లవాళ్ళకీ మిగతావాళ్ళకీ మధ్య పెళ్ళిళ్ళు వద్దనేది 1949లో. పుట్టినవాళ్ళందరికీ ఏ జాతో నమోదు చేసేది, ఏ జాతి ఏ పేటలో ఉండాలో చెప్పేది, రెండూ 1950లో. జాతి తేల్చలేని చోట జుట్టులో పెన్సిలు గుచ్చి, అది జారితే ఒక జాతి, నిలిస్తే ఒక జాతి అని తేల్చిన సందర్భాలున్నాయి. దీన్ని మాటల్లోనే చెప్పండి, పిల్లల జుట్టు మీద చేసి చూపించకండి, నా నాటకం లాగే అవుతుంది. ఒకే తల్లి బిడ్డలు వేర్వేరు జాతులుగా నమోదై, వేర్వేరు పేటల్లో ఉండాల్సి వచ్చింది.

పాసు చట్టం 1952లో వచ్చింది. దాని పేరు చదివితే నవ్వొస్తుంది, ‘పాసుల రద్దు చట్టం’ అని మొదలవుతుంది. రద్దు చేసిందేమీ లేదు, చిన్నచిన్న పాసులన్నీ కలిపి ఒక పెద్ద పుస్తకం చేసి, పదహారేళ్ళు దాటిన ప్రతి ఆఫ్రికనూ దగ్గర ఉంచుకోవాలన్నారు. ఆడవాళ్ళకి ఇది కొత్త, అందుకే 1956 ఆగస్టు 9న సుమారు 20 వేలమంది ఆడవాళ్ళు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనం ముందుకి నడిచి వెళ్ళారు. పిల్లలు “ఆధార్ లాంటిదే కదా” అంటారు. పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టి, వాళ్ళు అరుగు దిగి నీళ్ళు తాగడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆపి చూపించమనండి. సగం మందిని మాత్రమే. యజమాని ఈ నెల సంతకం లేకపోతే అరుగు కిందే నిలబెట్టండి. రెండుసార్లు ఆపేసరికి మా దగ్గర ఒకడు పుస్తకం విసిరికొట్టాడు. మీ దగ్గరా విసిరితే ఏమీ అనొద్దు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో జనం చేసింది దాదాపు అదే, పాసులు ఇంట్లో వదిలేసి, మమ్మల్ని అరెస్టు చేసుకోండని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళారు. పోలీసులు కాల్చారు. 69 మంది చనిపోయారు, చాలామందికి తూటాలు వీపులో తగిలాయి.

ఎందుకు ఎదురు తిరిగారు

“తెల్లవాళ్ళ పక్కన కూర్చోవాలని” అని ఒక్క పిల్లైనా అంటుంది. కాదని చెప్పడానికి, రోజా పార్క్స్ అరెస్టు తర్వాత మాంట్‌గోమరీ నల్లవాళ్ళు బస్సులు ఎక్కడం మానేసి పెట్టిన మొదటి డిమాండ్లు చదవండి. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, వీళ్ళు వెనక నుంచి వాళ్ళు ముందు నుంచి ముందొచ్చినవాళ్ళకి ముందు సీటు, నల్లవాళ్ళు ఎక్కువగా ఎక్కే రూట్లలో నల్ల డ్రైవర్లు. వేర్పాటు తీసేయమని మొదట అడగనే లేదు! అంత చిన్నవి కూడా కాదన్నారు కాబట్టే కోర్టులో చట్టాన్నే పట్టుకున్నారు. ఈలోగా 381 రోజులు బస్సెక్కలేదు. నల్ల టాక్సీవాళ్ళు బస్సు ఛార్జీకే, 10 సెంట్లకే ఎక్కించుకుంటే, టాక్సీకి కనీసం 45 సెంట్లు తీసుకోవాలనే నియమం బయటికి తీశారు. దాంతో వందల కార్లు పోగేసి మన షేర్ ఆటోల్లాగా పాయింట్లు పెట్టుకుని తిప్పారు. బస్సెక్కేవాళ్ళలో ముప్పాతిక మంది వీళ్ళే, కంపెనీ గల్లా ఖాళీ. బోర్డు మీద “మరి నా డబ్బులేవి” అని ఉంచారు కదా, ఇప్పుడు దాని కింద గీత గీయండి.

సమానం అన్న అబద్ధం ఇంకో కారణం. అమెరికాలో పైకైనా సమానమన్నారు. దక్షిణాఫ్రికాలో సౌకర్యాలు సమానంగా లేవు కదా అని కోర్టులు కొన్ని కేసులు కొట్టేస్తే, ప్రభుత్వం సౌకర్యాలు బాగుచేయలేదు, 1953లో చట్టమే మార్చి సమానంగా ఉండక్కర్లేదని రాసుకుంది. బెంచీ, బీచీ, పోస్టాఫీసు కిటికీ అన్నీ దీని కిందకే.

ఇక బడి. ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం గొడవ తెలిసిన మన పిల్లలకి, జొహానెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ళ పేట సోవెటోలో 1976లో జరిగింది తేలిగ్గా ఎక్కుతుంది. లెక్కలు, సోషల్ ఆఫ్రికాన్స్‌లోనే చదవాలన్నారు. చాలామంది టీచర్లకే ఆ భాష సరిగా రాదు. జూన్ 16న పిల్లలు రోడ్డెక్కారు, పోలీసులు కాల్చారు, చనిపోయినవాళ్ళలో హెక్టర్ పీటర్సన్‌కి పన్నెండేళ్ళు.

తెల్లవాళ్ళంతా ఒకటే అనే మాట రానివ్వకండి. 1955లో తెల్ల ఆడవాళ్ళే బ్లాక్ సాష్ అనే సంఘం పెట్టి నల్ల పట్టీలు కట్టుకుని నిలబడ్డారు. పార్లమెంటులో హెలెన్ సుజ్‌మన్ పదమూడేళ్ళు తన పార్టీకి ఏకైక సభ్యురాలిగా ఉండి ఈ చట్టాలకి ఎదురు ఓటేసింది.

రెండు ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి

ఒకటి క్రికెట్ పిచ్చోళ్ళ దగ్గర్నుంచి వస్తుంది: “మరి అప్పుడు మనం వాళ్ళతో ఆడేవాళ్ళమా సార్?” మన దేశం 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది, 1974లో డేవిస్ కప్ ఫైనల్ ఆడకుండా వదిలేసింది. 1991 నవంబర్ 10న ఈడెన్ గార్డెన్స్‌లో మనతో ఆడిన వన్డేతోనే వాళ్ళు మళ్ళీ అంతర్జాతీయ క్రికెట్లోకి వచ్చారు. అంతకుముందు ఇండియాతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇది మొదట చెప్పకండి, ఇక పాఠం సాగదు.

రెండోది మెల్లగా అడుగుతారు, కొన్నిసార్లు అడగరు కూడా. “మన ఊళ్ళో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులు ఉండేవంట కదా సార్.” తప్పించుకోకండి. ఉండేవి, మా నాన్న చూశాడు, నేనూ చిన్నప్పుడు చూశాను, అని చెప్పాను నేను. తర్వాత బోర్డు మీద 1950 అని రాశాను. జనవరి 26న మన రాజ్యాంగం అమల్లోకి వచ్చి 17వ అధికరణంతో అంటరానితనాన్ని నేరం చేసింది. అదే ఏడాది ఆగస్టు 15న మన శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అదే ఏడాది దక్షిణాఫ్రికా మనుషుల్ని పేటల వారీగా విడగొడుతూ చట్టం రాసుకుంది. అక్కడ నల్లవాడు కోర్టుకెళ్తే చట్టం చూపించి పంపేశారు, ఇక్కడ గ్లాసు విడిగా పెట్టినవాడి మీద కేసు పెట్టడానికి చట్టం ఉంది. ఉన్నా గ్లాసులు ఎలా నిలిచాయని ఒక పిల్ల అడిగింది. దానికి ఇంకో సాయంత్రం పట్టింది, అది మీరు మీ ఊరిని బట్టి చెప్పుకోవాల్సిందే.

లేచే ముందు జీడిపిక్కలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. నేను వందిస్తే 83 తిరిగొచ్చాయి.